తోక ఊపే ఇల్లు

సామర్లకోట,
11 ఆగస్టు 1985.

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. అక్కడ మీరు మరీ బాగున్నారని విన్నాను. పోర్టు స్టోర్సులో ఇన్నేళ్ళు బోల్టులూ మేకులూ చూసుకుని రిటైరైన మనిషి కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకుంటాడనుకుంటాం. తమరు వేలంలో మిలిటరీ జీపు కొన్నారట. అంతటితో ఆగక, దాని వెనకాల తగిలించుకుని తిరగడానికి చక్రాల మీద ఒక గది కట్టిస్తున్నారట. రైసుమిల్లు మోటారు బాగుచేయించుకోడానికి మా వర్క్‌షాపుకి వచ్చిన, మీ ఊరికీ వచ్చిపోయే సూరన్న చెప్పాడు. ద్వారకానగర్‌లో మీ వీధివాళ్ళంతా మీరు సర్కస్ కంపెనీ పెడుతున్నారని అనుకుంటున్నారట. ఏనుగును కొనేశారా, ఇంకా బేరంలో ఉందా?

మన దేశంలో రైలు అనే వాహనం ఒకటి ఉంది బావగారూ. విశాఖపట్నంలో ఎక్కితే సామర్లకోటలో దించుతుంది. స్టేషను నుంచి మా ఇంటికి నడిచి రావచ్చు. ఈ కబురు మీ దాకా రాలేదేమోనని తెలియజేస్తున్నాను.

అసలు విషయానికొస్తాను. కొత్త ఇంటికి శ్లాబు పడింది. మాఘమాసంలో గృహప్రవేశం. మా ఇంటి ఆచారం మీకు తెలుసు. ఆడపడుచు పొయ్యి వెలిగించి పాలు పొంగించాకే ఆ ఇల్లు ఇల్లవుతుంది. నాకున్నది ఒక్కగానొక్క అక్క. మావాడి పెళ్ళికి రాలేదు, జ్వరమని టెలిగ్రాం ఇచ్చారు. అమ్మాయి సీమంతానికి రాలేదు, మోకాళ్ళ నొప్పులన్నారు. కిందటేడు నేను మీ ఇంటికి వచ్చినప్పుడు ఆ మోకాళ్ళతోనే అక్క వంటింట్లోకీ వీధిలోకీ పరుగులు పెట్టి నాకు పెసరట్లు వేసి పెట్టింది. ఆమెను ఎవరు కదలనివ్వడం లేదో తెలుసుకోలేనంత అమాయకుణ్ణి కాను.

ఈసారి అక్క రాకపోతే ఆ పొయ్యి వెలగదు. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టను, అద్దె ఇంట్లోనే ఉంటాను. ఇది బెదిరింపు అనుకుంటారేమో. అవును, బెదిరింపే.

మా ఆవిడ మంగ మీ ఇద్దర్నీ అడిగినట్టు రాయమంది.

మీ బావమరిది,
అర్జునరావు.


ద్వారకానగర్, విశాఖపట్నం,
1 సెప్టెంబరు 1985.

చిరంజీవి అర్జునరావుకు ఆశీస్సులు.

ఏనుగు బేరం కుదరలేదు. నువ్వు ఖాళీగా ఉంటే కబురు చెయ్యి.

రైలు సంగతి తెలియజేసినందుకు కృతజ్ఞుణ్ణి. ఈ ఊరికి అది ఎప్పుడొచ్చిందో కనుక్కుంటాను. నేను కట్టిస్తున్నదాన్ని సర్కస్ అన్నావు. దాన్ని ట్రావెల్ ట్రైలర్ అంటారు. హార్బరు దగ్గర ఓడల్లోంచి దిగిన పాత సామాన్లు అమ్మే కొట్టులో ఒక ఇంగ్లీషు పత్రిక దొరికింది. ఆ దేశాల్లో రిటైరైనవాళ్ళు ఇంటినే వెనకాల తగిలించుకుని ఊళ్ళు తిరుగుతారట. మన దేశంలో రిటైరైనవాడు బావమరిది ఉత్తరాలు చదువుకుంటూ కూర్చోవాలి. నాకు మొదటి పద్ధతి నచ్చింది.

మీ అక్క నీ గృహప్రవేశానికి వస్తుంది. తన ఇంట్లో కూర్చునే నీ ఇంటికి వస్తుంది. ఎందుకలాగ అని అడగకు. నా సరదా అనుకో.

మా ఊరి పాత టౌనులో నజీర్ అహ్మద్ అని, లారీ బాడీలు కట్టే ఆయన ఉన్నాడు. ఆయన షెడ్డులోనే పని జరుగుతోంది. చేతిలో విద్య ఉంది గాని, దేని మీదా పువ్వు చెక్కకుండా వదలడు. ఇరుసు మీద కూడా చెక్కేవాడే, నేను అడ్డుపడ్డాను. "సారూ, నాను కట్టిన బండి ఎనకనించి సూసినా నాదేనని తెలిసిపోవాల" అంటాడు. ఇల్లన్నాక వాస్తు ఉండాలి కనుక సిద్ధాంతిగారిని షెడ్డుకే తీసుకెళ్ళాను. బండి ముక్కు తూర్పుకి పెట్టి ఉంది. పొయ్యి ఆగ్నేయంలో, అంటే ముందు కుడి పక్క వచ్చింది. బరువంతా నైరుతిలో ఉండాలన్నారు. అది వెనక కుడి మూల. అక్కడ సామాన్ల కోసం ఒక చిన్న గది కట్టిస్తున్నాను. నీకు నవ్వొస్తుందని తెలుసు. నవ్వుకో, ఆరోగ్యానికి మంచిది.

మీ అక్క ఆశీస్సులు చెప్పమంది. చెల్లెమ్మ మంగాయమ్మను అడిగానని చెప్పు.

గురునాథరావు.


సామర్లకోట,
20 సెప్టెంబరు 1985.

బావగారికి నమస్కారాలు.

నవ్వాను. మంగ పరిగెత్తుకొచ్చి ఏమైందని అడిగేటంత నవ్వాను. చదివి వినిపిస్తే మాత్రం అది నవ్వలేదు. "ఆడదాన్ని కూర్చోబెట్టి తీసుకెళ్ళాలని ఆయన అంత పాట్లు పడుతుంటే మీకు ఎకసెక్కంగా ఉందా" అని లోపలికి పోయింది. మీకు మా ఇంట్లో ఒక అభిమాని ఉన్నందుకు అభినందనలు.

నాకో సందేహం. షెడ్డులో తూర్పు ముఖంగా ఉన్న ఇల్లు గోపాలపట్నం దగ్గర మలుపు తిరగ్గానే ఎటు ముఖం పెడుతుంది? అప్పుడు మీ ఆగ్నేయం ఆగ్నేయంలోనే ఉంటుందా, దిగి కిళ్ళీ వేసుకుంటుందా? సిద్ధాంతిగారిని కూడా వెంట తీసుకెళ్ళి ప్రతి మలుపు దగ్గరా పొయ్యి జరిపించండి.

ఇంతకీ ఆ బండికి ఇరుసు ఎక్కడ పెట్టించారు? ట్రాక్టరు ట్రక్కులు బాగుచేసే చెయ్యి నాది, అందుకని అడుగుతున్నాను. లోపల ఏ మూల ఏం పెడుతున్నారో రాయండి. రాయకపోయినా పరవాలేదు, పాడయ్యాక ఎలాగూ నా దగ్గరికే తెస్తారు.

అర్జునరావు.


ద్వారకానగర్,
27 అక్టోబరు 1985.

చిరంజీవి అర్జునరావుకు ఆశీస్సులు.

నువ్వు కొత్త ఇంట్లో మెట్లు ఒక పక్క కట్టించి, సిద్ధాంతి కాదన్నాడని పడగొట్టించి ఇంకో పక్క కట్టించావని సూరన్న మాకూ చెప్పాడు. సూరన్న రెండు వైపులా పనిచేస్తాడు. నీ కదలని ఇంటికి వాస్తు కావాలి, నా కదిలే ఇంటికి అక్కర్లేదు. చదువుకున్నవాడివి, అలాగే ఉంటుంది.

ఇరుసు సరిగ్గా మధ్యలో ఉంది. బండి తయారైంది. ఆకుపచ్చ రంగు వేయించాను. జీపు నడపడానికి మల్కాపురం నుంచి పైడయ్య వస్తున్నాడు. పోర్టులో మా స్టోర్సు వ్యాను నడిపి నాకంటే ముందే రిటైరైన మనిషి. నిన్న మొదటిసారి రోడ్డెక్కాం. వీధి చివరిదాకా పెళ్ళికూతుర్ని సాగనంపినట్టు జనం వచ్చారు. గోపాలపట్నం దాటేదాకా బండి బుద్ధిగా ఉంది. రోడ్డు ఖాళీ కనిపించి పైడయ్య వేగం పెంచాడు. అప్పుడు వెనక డబ్బా అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ముందు కొంచెం, తరువాత ఇంకొంచెం, చివరికి మా జీపునే తనతో తిప్పుకుంది. పైడయ్య ఆపి, దిగి, దాని వైపు చూసి అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"బాబూ, నానేటి సేసేదండీ? ముందర జీపు నా మాటింటాది. ఎనక డబ్బా ఎవులి మాటా ఇన్దు. నలభై దాటితే సాలు, కుక్క తోకూపినట్టు ఊపీత్తంది."

పత్రిక తిరగేశాను. ఈ జబ్బు ఆ దేశాల్లో కూడా ఉందట. దానికి స్వే కంట్రోల్ అని, ఊపును అణిచే సామాను అమ్ముతారట. మూడు రకాల బొమ్మలున్నాయి, పేజీ చింపి జత చేశాను. ఏది తీసుకోవాలో, ఇక్కడ ఏది చేయించుకోగలమో చెప్పు. సామర్లకోటలో ఇంజను చప్పుడు విని జబ్బు చెబుతావని నీకు పేరుంది కదా. ఇది ఉత్తరం చప్పుడు విని చెప్పు.

గురునాథరావు.


సామర్లకోట,
9 నవంబరు 1985.

బావగారికి నమస్కారాలు.

"నా దగ్గరికే తెస్తారు" అన్నాను. రెండు నెలలు కాకుండానే తెచ్చారు. సంతోషం.

పేజీ చూశాను. ఆఖరి బొమ్మలో ఉన్నది నూనె పోసిన గొట్టం. బాగుంటుంది. దాని సీలు పోయిందంటే కొత్త సీలు కోసం మీరూ పైడయ్యా ఓడెక్కాలి. రెండోది స్ప్రింగు కమ్మీలు. వెనక బండి బరువును ముందు బండి నాలుగు చక్రాల మీదకీ పంచుతాయి. మీ జీపు చాసిస్ ఎన్ని యుద్ధాలు చూసి వచ్చిందో నాకు తెలియదు, ఆ కమ్మీలు బిగిస్తే అది తప్పకుండా లొంగిపోతుంది. మొదటిది మనకు సరిపోతుంది. రెండు ఇనుప పట్టీలు, వాటి మధ్య లారీ బ్రేకు లైనింగు, గట్టిగా బిగించే బోల్టు. ఒక పట్టీ జీపుకి, ఒకటి ట్రైలరుకి. డబ్బా పక్కకి పోబోతే ఆ రాపిడి దాన్ని పట్టుకుంటుంది. అది నేనే చేసి లారీ పార్సిలులో పంపిస్తున్నాను. వానలో పట్టు తగ్గుతుంది, జాగ్రత్త. సందుల్లో మలుపులు తిప్పేటప్పుడూ వెనక్కి నడిపేటప్పుడూ బోల్టు వదులు చెయ్యాలి.

ఒక్క మాట మాత్రం వెటకారం లేకుండా చెబుతాను, దాచుకోండి. ఈ సాధనాలు ఏవైనా పుట్టిన ఊపును అణుస్తాయంతే. అసలు పుట్టకుండా ఉండాలంటే ఇరుసుకు ముందు బరువు ఎక్కువ ఉండాలి, జీపుకి తగిలించే కొక్కెం కిందికి నొక్కి ఉండాలి. వెనక బరువుంటే తోక ఊపక ఏం చేస్తుంది? వెనక గదిలో ఏం సామాన్లు పెట్టారు? కిందటి ఉత్తరంలో అడిగాను, దాటేశారు.

అర్జునరావు.


ద్వారకానగర్,
15 డిసెంబరు 1985.

చిరంజీవి అర్జునరావుకు ఆశీస్సులు.

నీ ఇనుప పట్టీలు అందాయి. నజీర్ అహ్మద్ వాటిని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, వీటి మీద ఒక పువ్వయినా లేదేమని విచారించాడు. అవి రాకముందు ఆయన సొంత వైద్యం ఒకటి చేశాడు. రెండు పక్కలా లంగరు గొలుసులు కట్టి బిగించాడు. డబ్బా ఊగలేదు. మలుపు కూడా తిరగలేదు. గోపాలపట్నం బజారు మధ్యలో అడ్డంగా నిలబడిపోయి, వంకాయల తోపుడుబండిని ఒరుసుకుంది. వంకాయలావిడ మా ముగ్గురినీ కలిపి తిట్టింది. అందులో నీ ప్రస్తావన లేకపోవడం నాకు అన్యాయంగా తోచింది.

నీ పట్టీలు వాటికంటే నయం. యాభై దాకా డబ్బా మాట విన్నది. మొన్న ఆదివారం ధైర్యం చేసి అనకాపల్లి వైపు పోయాం. స్టీలు ప్లాంటు పనులకు దూలాలు తీసుకెళ్ళి ఖాళీగా తిరిగివస్తున్న పెద్ద లారీ ఒకటి మమ్మల్ని ఒరుసుకుంటూ దాటింది. ఆ గాలికి డబ్బా ఊగడం మొదలుపెట్టింది. ఇక ఆగలేదు. జీపు అడ్డం తిరిగి, చెరుకు తోట గట్టు మీదికెక్కి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. లోపల ఎవరూ లేరు.

వెనక గదిలో పరుపులూ బిందెలూ ఉన్నాయి. అంతే. వాస్తు ప్రకారం అవి అక్కడే ఉండాలి.

అర్జునా, ఈ మాఘానికి కుదిరేట్టు లేదు. పెదనాన్న కూతుళ్ళలో ఎవరినైనా పిలిచి పాలు పొంగించుకో. ఇల్లు కట్టుకుని బయట కూర్చోకు.

గురునాథరావు.


(కార్డు)

సామర్లకోట,
22 డిసెంబరు 1985.

బావగారికి,

అర్థమైంది. జీపూ, డబ్బా, స్వే కంట్రోలూ, వాస్తూ. ఇన్ని నెలలు నాతో పట్టీలు చేయించి చివరికి చెప్పింది ఒకటే మాట, పంపనని. మొదటి ఉత్తరంలోనే చెప్పి ఉంటే లైనింగు మిగిలేది. నా అక్క స్థానంలో ఇంకెవర్నీ పిలవను. ఆ ఇంటికి తాళం వేస్తున్నాను. ఇక నాకు రాయకండి.

అర్జునరావు.


ద్వారకానగర్,
28 డిసెంబరు 1985.

తమ్ముడు అర్జునుడికి అక్క కాంతం దీవించి రాస్తున్నది.

లోపల నేనున్నాను.

మీ బావ అబద్ధం రాశారు. నీ కార్డు జేబులో దాచుకున్నారు గాని, కార్డును పోస్టుమాను చదివాక, పక్కింటివాళ్ళు చదివాక, నేను చదవడానికి అడ్డేముంది? వీధంతా చదువుతుందనే కార్డు మీద రాశావు కదూ. మంచి పని చేశావు. అదే లేకపోతే ఈ ఉత్తరం నేను రాసేదాన్ని కాను.

నాకు గర్భసంచి ఆపరేషన్ అయిందని నీకు తెలుసు. ఆ తరువాత సంగతి తెలియదు. అప్పటినుంచి నాకు ఒంటికి ఆగదురా. దగ్గితే ఆగదు, నవ్వితే ఆగదు, మెట్టెక్కితే ఆగదు. తెలియకుండానే చీర తడిసిపోతుంది. నీ కొడుకు పెళ్ళికి మేం రైలెక్కాం. నాకు జ్వరం రాలేదు. కొత్త పట్టుచీర కట్టుకుని, నీకూ మంగకూ బట్టలు పెట్టుకుని ఎక్కాం. గుమ్మం దగ్గర మనుషులూ మూటలూ. నేను లేచి పాయఖానాదాకా పోయేలోపే అయిపోయింది. ఎదురుగా కూర్చున్న ఆవిడ ముక్కు మూసుకుని పిల్లను లాక్కుని అవతలి బెంచీకి వెళ్ళిపోయింది. మీ బావ తన కండువా నా చుట్టూ కప్పి అనకాపల్లిలో దింపేశారు. స్టేషను బయట గోడవైపు తిరిగి నిలబడి ఏడ్చాను. ఎవరికైనా చెబితే చచ్చిపోతానని ఒట్టు వేయించుకున్నాను. ఆయన ఆ ఒట్టు నిలబెట్టుకున్నారు. నువ్వు ఆయన్ని జైలరు చేశావు, సర్కస్ యజమాని చేశావు, దేనికీ నోరెత్తలేదు.

కారులో రావచ్చు కదా అంటావు. రోడ్డు పక్కన మగాళ్ళు నిలబడతారు, మేమెక్కడ కూర్చుంటాం? అందుకే ఈ డబ్బా. వెనక గదిలో పరుపులు లేవు, బిందెలు లేవు. అది నా పాయఖానా. పక్కనే నిలువెత్తు డ్రమ్ము నిండా నీళ్ళు, ఆ పక్కనే నా చీరల బీరువా. నజీర్ గారు కట్టారు, వాళ్ళావిడ గులాబ్ బీ గుమ్మానికి తెర కుట్టి పంపింది. వాళ్ళకు ఏమీ చెప్పలేదు, వాళ్ళూ ఏమీ అడగలేదు.

ఇక తోక సంగతి విను. ఆ రోజు లారీ దాటినప్పుడు నేను ఆ వెనక గదిలోనే ఉన్నాను. డ్రమ్ములో నీళ్ళు నా నెత్తిన పడ్డాయి. పాకుతూ ముందుకొచ్చి కిటికీ చువ్వలు పట్టుకుని పైడయ్యా పైడయ్యా అని అరిచాను. నేను ముందుకొచ్చేసరికి ఊపు తగ్గింది. లేకపోతే చెరుకు గట్టు దగ్గర ఆగేవాళ్ళం కాదు. తిరిగి వస్తున్నప్పుడు నాకు అనుమానం వచ్చి వెనక్కి వెళ్ళి కూర్చున్నాను. ఊగింది. ముందుకొచ్చాను. ఆగింది. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకి. నా ఒళ్ళు సంగతి నీకు తెలుసు, ఏ డ్రమ్ముకీ తీసిపోను. జీపులోంచి పైడయ్య "అమ్మగారూ, లోపల ఏటి సేత్తన్నారండీ, బండి గంతులేసినాదీ" అని ఒకటే కేకలు. ఇంటికొచ్చి మీ బావకు చెబితే, డ్రమ్ము ముందుకి తెస్తే నైరుతి ఖాళీ అయిపోతుందన్నారు. రోడ్డు మీద పోయేవాళ్ళకు వాస్తు ఏమిటండీ అంటే, "నీ ఆపరేషనప్పుడు ఏ నమ్మకమూ లేకుండా ధైర్యంగా ఉన్నాను, ఏమైంది?" అన్నారు.

నాకు పాలు పొంగించాలని ఉంది. ఈ ఇంట్లోంచి బయటపడాలని ఉంది. ఈ మాఘానికి రాలేకపోతే ఇక ఎక్కడికీ రాను, ఆ డబ్బాను కోళ్ళ గూడు చేసుకోమంటాను. నువ్వు చదువుకున్నవాడివి, ఏదో ఒక దారి చూడు. నేను రాశానని ఆయనకు చెప్పకు.

నీ అక్క,
కాంతం.


సామర్లకోట,
4 జనవరి 1986.

బావగారికి నమస్కారాలు.

నా కార్డు పోస్టులో తప్పిపోయిందనుకోండి. తప్పిపోయిన కార్డులోని మాటలకు ఎవరూ పూచీ ఉండరు.

నిన్నంతా మీ స్వే కంట్రోలు గురించి ఆలోచించాను. పట్టీలు తప్పు కాదు, వాటిని తీయకండి. కాని వాటికి మోయలేని పని అప్పజెప్పాం. నైరుతి గురించి నేను వెటకారం చేశాను. ఇప్పుడు నిజంగా దిక్సూచి తీసి, మ్యాపు ముందేసుకుని చూశాను. విశాఖపట్నం నుంచి మా ఊరు ఏ దిక్కున ఉంది? నైరుతి. దారంతా మీ బండి ముక్కు నైరుతి వైపే ఉంటుంది. షెడ్డులో వెనక ఉన్న నైరుతి రోడ్డెక్కగానే ముందుకొచ్చేస్తుంది. సిద్ధాంతిగారు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం, బరువు నైరుతిలోనే ఉండాలి. అంటే కొక్కెం వైపు. మీరు ఇన్నాళ్ళూ బరువును ఈశాన్యంలో పెట్టుకుని తిరిగారు. ఊగిందంటే ఊగదా మరి?

వెనక గదిలో బరువైనవి ఏవి ఉంటే అవి ముందు గోడకు ఆనించి, కదలకుండా ఇనుప పట్టీలతో బిగించండి. అవి ఏమిటో నాకు అక్కర్లేదు. నీళ్ళ సామాను ఏదైనా ఉంటే నిండుగా పోసి మూత బిగించండి, సగం నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటాయి. ముందు నుంచి వెనక్కి నీళ్ళు కావాలంటే గోడ వెంబడి రబ్బరు గొట్టం వేయించుకోవచ్చు. నేను ఏమీ అడగలేదని గమనించగలరు. జీపు వెనక భాగం కొద్దిగా దిగాలి. మరీ దిగితే ముందు చక్రాలు తేలిపోతాయి, పైడయ్య చేతిలో స్టీరింగు ఆటబొమ్మ అవుతుంది. అప్పుడు కొంచెం వెనక్కి జరపండి. యాభై దాటొద్దు. లారీ దాటినప్పుడు బ్రేకు తొక్కొద్దు, యాక్సిలరేటరు మెల్లిగా వదలమనండి.

ఇంటికి వేసిన తాళం తీశాను.

అర్జునరావు.


ద్వారకానగర్,
9 ఫిబ్రవరి 1986.

చిరంజీవి అర్జునరావుకు ఆశీస్సులు.

నీ నైరుతి వాదం సిద్ధాంతిగారికి వినిపించాను. ఆయన పంచాంగం తిరగేసి, తాను మొదటినుంచీ అదే చెబుతున్నానన్నారు.

నజీర్ అహ్మద్ సామాను ముందుకి మార్చి బిగించాడు. వెనక గోడ మీద తన పువ్వుల పలక తీసి ముందు గోడకు కొట్టమంటే మాత్రం ఒప్పుకోలేదు. "సారూ, ఎనక సూసినోడికి నాను కనపడాల గదా" అన్నాడు. పలక తేలికే, వదిలేశాను. నిన్న అనకాపల్లి దాకా పోయి వచ్చాం. అదే రోడ్డు, అలాంటి లారీలే. పైడయ్య ఒక చెయ్యి స్టీరింగు మీద పెట్టి రెండో చేత్తో చుట్ట కాల్చుకుంటూ "ఇప్పుడు సెప్పిన మాటింతంది బాబూ" అన్నాడు. మీ అక్క లోపల కూర్చుని వత్తులు చేసుకుంది. అవును, లోపల ఉంది. కిందటిసారి కూడా ఉంది. నీకు తెలిసే ఉంటుంది.

ఇన్ని ఉత్తరాల్లో మొదటిసారి ఆ గదిలో ఏముందని నువ్వు అడగలేదు. చాలా సంతోషించాను. ఇంతకంటే రాయలేను, ఒట్టు ఉంది.

ముహూర్తానికి ముందురోజు సాయంత్రానికి మీ ఊళ్ళో ఉంటాం. డబ్బా నిలపడానికి మీ పెరట్లో చదునైన చోటు చూసి ఉంచు.

గురునాథరావు.


సామర్లకోట,
16 మార్చి 1986.

బావగారికి నమస్కారాలు.

మీరు జీపు తీసుకుని వెళ్ళిపోయాక మీ డబ్బా మా పెరట్లో మహారాణిలా కూర్చుంది. అక్క ఇప్పట్లో రానంటోంది. తిరుగు దారి ఈశాన్యం కదా, సామానంతా మళ్ళీ వెనక్కి జరిపితే తప్ప కదలకూడదని సిద్ధాంతం చెబుతోంది. ఆ సిద్ధాంతం నేర్పింది నేనే.

పాలు పొంగిన పొయ్యి దగ్గర మీరు నిలబడి ఉన్నారు గాని, మీరు వెళ్ళాక ఇక్కడ జరిగింది మీకు తెలియదు. అక్క పొరుగు ఇళ్ళకు పేరంటానికి వెళ్తోంది. వెళ్ళి, కూర్చుని, మధ్యలో లేచి మా పెరట్లోకి వచ్చి డబ్బాలోకి వెళ్ళి చీర మార్చుకుని మళ్ళీ వెళ్ళి కూర్చుంటోంది. ఎవరైనా ఎక్కడికెళ్ళావంటే "నా ఇంటికెళ్ళొచ్చాను" అని నవ్వుతోంది. అంత గట్టిగా నవ్వడం నేను విని ఎన్నాళ్ళయిందో.

మొన్న మధ్యాహ్నం వర్క్‌షాపు నుంచి ముందుగా వచ్చాను. ఇంట్లో ఎవరూ లేరు. డబ్బా తలుపు లోపల గడియ పెట్టి ఉంది. లోపలినుంచి ఏడుపు వినిపించింది. అక్కేమో అనుకుని పరుగెత్తాను. తలుపు తీసింది అక్క. ఏడుస్తున్నది మంగ.

రెండో కాన్పు అయినప్పటినుంచి మంగకూ అదే బాధట. మా చిన్నదానికి పెళ్ళయి, సీమంతమయి, మనవడు కూడా పుట్టాడు. ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదు. సినిమాకి రమ్మంటే తలనొప్పి అనేది. అన్నవరం కొండెక్కుదాం అంటే నువ్వెళ్ళు అనేది. మీ ఇంటికి నేను ఒక్కణ్ణే ఎందుకొస్తానో మీరెప్పుడూ అడగలేదు. నేనూ అడగలేదు. నా మంగ సంగతి మీకు చెప్పనా అని నలుగురిలో కూర్చుని, గడప దాటదండీ, రాజుగారి పట్టమహిషి అని ఎకసెక్కం చేసేవాణ్ణి. అది పక్కనే ఉండి కాఫీలు అందించేది. నాతో ఎక్కడికీ రానన్నప్పుడల్లా అది నాతోనే రానంటోందని అనుకున్నాను బావగారూ.

మీకు తెలిసింది, మీరు ఇల్లు కట్టించారు. నాకు తెలియనే లేదు. తెలుసుకోలేదు అనడం సరైన మాట.

ఇద్దరూ కలిసి ఎవరైనా లేడీ డాక్టరుకి చూపించుకుంటామంటున్నారు. ఇలాంటిది కూడా చెప్పుకోవచ్చని అక్కను చూసేదాకా తనకు తెలియలేదంది మంగ. పెద్ద ఊరు కనుక అక్కడ ఎవరున్నారో మీరు కనుక్కోండి. మీ ఒట్టు అక్క విడిపించేసింది, ఇక మీరు ధైర్యంగా అడగవచ్చు.

డాక్టరు సంగతి అలా ఉంచండి. మంగకు మీ ఊరి సముద్రం చూడాలని ఉందట. నిన్న రాత్రి భోజనాల దగ్గర చెప్పింది, నా వైపు చూడకుండా అక్క వైపు చూసి చెప్పింది. పెళ్ళయిన దగ్గరనుంచి అది నన్ను అడిగిన మొదటి ఊరు ఇదే. ఆడవాళ్ళిద్దరూ లోపల కూర్చుంటారు, నేను ముందు జీపులో కూర్చుంటాను.

పైడయ్యను జీపు ఇచ్చి వెంటనే పంపండి.

అర్జునరావు.